టవర్లు కూలినా ఆగని మాట

సెల్ టవర్, ఇంటర్నెట్ లేకున్నా రేడియో సెట్, బ్యాటరీ, యాంటెన్నాలతోనే మాట చేరవేసే విద్య హామ్ రేడియో. షార్ట్‌వేవ్ తరంగాలు పై వాతావరణంలోని అయాన్ల పొరను తాకి తిరిగొస్తాయి కాబట్టి, కొద్ది వాట్ల శక్తితోనే వందల కిలోమీటర్లు దాటుతాయి.

2004 డిసెంబరు సునామీకి అండమాన్‌లో ఫోన్లు మూగబోయాయి. అప్పటికే హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అక్కడున్న హామ్ బృందం బాధితుల క్షేమ సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించింది.

కరవు సీమ అనంతపురానికీ ఈ విద్య అవసరమే. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు వరదలో చిక్కుకున్నవారిని హెలికాప్టర్‌తో కాపాడవలసి వచ్చింది. దగ్గరి ఊళ్ల మధ్య మాటకు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు సూటిగా సాగుతాయి గనుక ఇక్కడి గుట్టలే యాంటెన్నాలకు సహజమైన స్తంభాలు.

పన్నెండేళ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. దానికి నిత్యసాధన తోడైతే, ఆపదలో ఊరికి అదే గొంతుక.