మేము, మనం, అపన్

పీర్ల పండక్కి తాడిమర్రి వచ్చినప్పుడు సంచీలో బట్టలకంటే పుస్తకాలే ఎక్కువ తెచ్చుకున్నాం. అమ్మీ ఇంటి వసారాలో నులకమంచం మీద వాటిని పరిస్తే వరుసా వాయీ లేని మూటలా కనిపించాయి. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘జల్‌జలా’, ‘వతన్’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, ‘న్యూ బాంబే టైలర్స్’, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ ఉన్నాయి. వాటి పక్కనే సయ్యద్ నశీర్ అహమ్మద్ రాసిన స్వాతంత్ర్యోద్యమ చరిత్రలు, సచార్ కమిటీ నివేదిక, గూగూడు పీర్ల మీద అఫ్సర్ ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఉన్నాయి. అడుగున కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. కొన్ని కథలు, కొన్ని లెక్కలు, కొన్ని చరిత్రలు. విడివిడిగా ఇదివరకు చదివినవే. ఒకే వారంలో, ఒకే మంచం మీద చదవడం ఇదే మొదలు.

ఇలా కలిపి చదివేసరికి ఇన్నాళ్ళూ పట్టించుకోని చిన్న మాట ఒకటి చెవిలో గుచ్చుకుంది. ఈ పుస్తకాలు మమ్మల్ని ఏ సర్వనామంతో పిలుస్తున్నాయి? ‘మేము’ అంటున్నాయా, ‘మనం’ అంటున్నాయా, ‘వారు’ అంటున్నాయా?

తెలుగు చాలా ఖచ్చితమైన భాష. ‘మేము’ అంటే ఎదుటివాడు బయటివాడు. ‘మనం’ అంటే లోపలివాడు. నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరు లోపలో, ఎవరు బయటో తేల్చుకోవాల్సిందే. కితాబీ ఉర్దూలో ఈ గొడవ లేదు. ‘హమ్’ ఒక్కటే మాట. ఎదుటివాణ్ణి కలుపుకున్నామో లేదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. రెండు భాషల్లో వార్తలు రాసి బతుకుతున్న మాకు ఈ తేడా రోజూ ఎదురయ్యేదే. ఉర్దూ వార్తలో ‘హమ్’ అని రాసి సులువుగా దాటేసినచోట, అదే వార్త తెలుగులో రాయబోతే కలం ఆగుతుంది.

‘మనం’ అనే మాట మమ్మల్ని మొదట నిలదీసింది బడిలోనే. చరిత్ర పాఠంలో ‘వాళ్ళు’ దండెత్తి వచ్చారు, ‘మనం’ ఓడిపోయాం. ఆ వాక్యం చదివినప్పుడు తరగతిలో నాలుగైదు తలలు మా వైపు తిరిగాయి. అయ్యవారు చెడ్డవారు కాదు. పుస్తకంలో ఉన్నది చదివారు, అంతే. కానీ ఆ క్షణంలో మాకు తెలిసిపోయింది, ‘మనం’లో మేము లేమని. దండెత్తి వచ్చినవాళ్ళతో మా జేజినాయనకు ఏ చుట్టరికమూ లేదు. ఆయన చెనిక్కాయ చేలో కూలికి పోయినవాడు. అయినా ఓటమి లెక్కలో మాది అవతలి పక్కే!

అందుకే ‘పుట్టుమచ్చ’ (1991) చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. పుట్టుకనే నేరంగా చూసే చూపును ఆ కవిత పట్టి చూపించింది. తర్వాతి ఏడాది డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. అప్పుడు మేము అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ. చదువుతున్నాం. హాస్టల్ గదుల్లో ఆ పుస్తకం చేతులు మారి నలిగిపోయింది. స్త్రీవాదులు, దళితులు తమ గొంతుతో తాము మాట్లాడుతున్న కాలం అది. మా గొంతు కూడా ఒకటుందని ‘జల్‌జలా’ చెప్పింది. అందులో ప్రతి పుటా ‘మేము’ అంటుంది. దాన్ని వేర్పాటు అన్న పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారికి ఒకటే జవాబు. ‘మనం’లోంచి గెంటేసినవాడు ‘మేము’ అనక ఏమంటాడు? గెంటినవాడిది దేశభక్తి, గెంటించుకున్నవాడిది వేర్పాటువాదమా?

అయితే ‘మేము’ అనే మాటకు ఒక ప్రమాదముంది. ఎదుటివాడు వినకపోతే అది గోడకు చెప్పుకున్న మాటవుతుంది. మనలో మనమే చదువుకుని, మనలో మనమే కన్నీళ్ళు తుడుచుకుని పుస్తకం మూసేస్తాం. ఇన్నేళ్ళకు మళ్ళీ చదివితే ‘జల్‌జలా’లోని కోపం చల్లారలేదు. కానీ ఆ కోపంలో మా అమ్మీ పొయ్యి, మా పక్కింటివాళ్ళ మగ్గం తక్కువగా కనిపించాయి. గాయం గురించి రాశాం. గాయం లేని రోజున ఎలా బతికామో రాయడానికి కొంత కాలం పట్టింది.

చరిత్ర పుస్తకాల దారి వేరు. నశీర్ అహమ్మద్ ఏళ్ళ తరబడి ఓపికతో పేర్లు ఏరి తెచ్చారు. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్, 1927లో ఉరికంబమెక్కిన అష్ఫాఖుల్లా ఖాన్, పరదా దాటి ఉద్యమంలోకి వచ్చిన స్త్రీలు. ఈ పేర్లను తెలుగు పాఠకుల ఇంటి గుమ్మం దాకా తెచ్చినందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. ఈ పుస్తకాలు ధైర్యంగా ‘మనం’ అంటాయి. కానీ చదువుతూ చదువుతూ మాకొక ఇబ్బంది కలిగింది. తప్పు పుస్తకాలది కాదు, వాటిని అవసరం చేసిన కాలానిది. ప్రతి పేరూ ఒక సాక్ష్యపత్రంలా కనిపిస్తుంది. మా వాళ్ళూ చచ్చిపోయారు, చూడండి, మమ్మల్ని లోపలికి రానివ్వండి అన్నట్టు. పక్కింటి రైతుబిడ్డను ఈ దేశం వాడివేనా, ఋజువేది అని ఎవరైనా అడుగుతారా? ఉరికంబమెక్కిన తాత లేనివాడికి ‘మనం’ అనే హక్కు లేదా? మా జేజినాయన ఏ ఉద్యమంలోనూ లేడు. చెనిక్కాయలు ఒలిచాడు, అప్పు తీర్చాడు, పోయాడు. మాకు ఆయన చాలు.

ఇక సచార్ కమిటీ. 2005లో వేశారు, 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. అందులో మేము ‘వారు’. ప్రభుత్వ నివేదిక ఇంకెలా రాస్తుంది? ఆ నివేదిక ప్రకారం 2001లో దేశ అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలది 59.1 శాతం. ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. ముస్లింలను ‘బుజ్జగిస్తున్నారు’ అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు ఏ కథా చెప్పలేదు. మరుసటి ఏడాది, 2007లో, ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆ జాబితాను ఒకసారి కథ చదివినట్టు చదివి చూడండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాములు, ఖురేషీలు... పద్నాలుగు సమూహాలు. ఒక్కో పేరు వెనుక ఒక పనిముట్టో, ఒక ఆటో, ఒక ఊరేగే బతుకో ఉంది. మన కథకులు వీళ్ళలో ఎంతమంది గడపలు తొక్కారు? ఎలుగుబంటిని ఆడించిన సాయిబు గురించి తెలుగులో మంచి కథ కోసం వెతికాం. మా చేతికందలేదు.

కథల సంగతికొస్తే, ఒక సాయంత్రం జరిగింది చెప్పాలి. అమ్మీకి అరబ్బీ అక్షరాలొచ్చు, కూడబలుక్కుని ఉర్దూ చదువుతుంది, తెలుగు అక్షరం రాదు. ఆమెకు ‘న్యూ బాంబే టైలర్స్’ కథ చదివి వినిపిస్తున్నాం. పేరున్న దర్జీ. ఊరంతా ఆయన కుట్టిన బట్టలే తొడుక్కున్న రోజులు పోయి రెడీమేడ్ కాలం వస్తుంది. చదువుతుంటే పక్కింటి అవ్వ వచ్చి గడపలో కూర్చుంది. ఆమె కొడుకు ధర్మవరంలో పట్టుమగ్గం మీద బతికినవాడు. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం చీరకు గిరాకీ పడిపోయి బెంగళూరు పోయాడు. కథ అయిపోయాక అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

“మావోనిదీ ఇదే కత గదొదినా. రాసినాయప్ప ఎవురో గానీ మన కత బాగ తెలిసినోడే.”

మన కత! దర్జీ సాయిబు కథ విని పక్కింటి అవ్వ ‘మన’ అంది. మేము ఏ సాక్ష్యమూ చూపించలేదు. ఎవరం గెలిచామో ఓడామో అడగలేదు. కత్తెర, మిషను, బేరం లేని దుకాణం — ఇవి చాలాయి ఆమెకు. ‘దర్గామిట్ట కతలు’ (1999) అంత మందికి ఎందుకు నచ్చాయో అప్పుడు సరిగ్గా తెలిసింది. అందులోని పిల్లవాడు తన ఇంటి లేమినీ, పండగనూ, అమ్మ తిట్లనూ నెల్లూరు తెలుగులో చెబుతాడు. మేము ఇలాంటివాళ్ళం అని వివరించడానికి ఆగడు. వివరణ ఇవ్వకపోవడమే అక్కడి ఆత్మగౌరవం.

కానీ అన్ని కథలనూ అలా చదివి వినిపించలేం. ‘జుమ్మా’ కథ తీశాం. శుక్రవారం నమాజుకు పొమ్మని కొడుకు వెంటపడే తల్లి, 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక అదే కొడుకు మసీదుకు పోతానంటే భయపడుతుంది. అమ్మీ విని మా చెయ్యి పట్టుకుంది. అవ్వ కూడా కళ్ళు తుడుచుకుంది. కానీ ఈసారి ‘మన కత’ అనలేదు. “ఎంత కష్టం వచ్చె మీకు” అంది. ప్రేమగానే అంది. అయినా ‘మీకు’ అంది. కష్టం ఒక్కటే అయినప్పుడు ‘మన’. భయం దగ్గరికొచ్చేసరికి ‘మీ’. ఈ గీతను దాటించడం ఒక్క కథవల్ల అయ్యే పని కాదు. అది సెక్యులర్ పాఠకులు తమను తాము అడుక్కోవాల్సిన ప్రశ్న.

దాటినవాళ్ళు లేకపోలేదు. తెలుగు రైతుబిడ్డ రాఘవరావును నాయకుడిగా పెట్టి కిషన్ చందర్ ఉర్దూలో ‘జబ్ ఖేత్ జాగే’ రాశాడు. గౌతం ఘోష్ ‘మా భూమి’ సినిమాకు ఆ నవలే ఆధారం. ఉర్దూ నవల తెలుగు రైతును ‘హమ్’లో కలిపేసుకుంది. ఇవతల నెల్లూరి కేశవస్వామి చార్మినార్ నీడన బతికినవాళ్ళను తెలుగు కథల్లోకి తెచ్చాడు. ‘యుగాంతం’లో 1948 నాటి హైదరాబాద్‌ను లోపలి మనిషిగా చూశాడు. ఇలాంటి పేర్లు చెప్పమంటే మిగతా వేళ్ళు మడవడానికి ఎందుకు తడుముకోవాల్సి వస్తుంది? వందేళ్ళు దాటిన తెలుగు కథలో సాయిబు బండివాడుగా, నమ్మకస్తుడైన నౌకరుగా, అప్పుడప్పుడూ విలనుగా వచ్చిపోయాడు. అభ్యుదయ కథ అతన్ని రైతుగానో కూలీగానో చూసింది. మంచిదే. కానీ ఇంటికి పోయి అతను ఏ భాషలో ఏడుస్తాడో వినలేదు.

ఇక గూగూడు. నార్పల మండలంలోని ఆ ఊరు మాకు దగ్గరే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తాడిమర్రి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది, గూగూడు అనంతపురంలోనే ఉండిపోయింది. కుళ్ళాయప్ప స్వామికి గీత ఏముంది! అన్ని కులాలవాళ్ళూ వస్తారు, చక్కెర చదివిస్తారు, మొక్కుకుని ఫకీర్లవుతారు, గుండం చుట్టూ తిరుగుతారు. అఫ్సర్ అక్కడ తిరిగి, విని, 2013లో ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ ప్రచురించారు. ఊరివాళ్ళ నోటి మాటలను పండిత చర్చకు సమానంగా నిలబెట్టిన పుస్తకం. ఇది అసలు ఇస్లాం కాదనే మనవాళ్ళ వాదననూ దాచలేదు. మాకు నచ్చింది ఆ నిజాయితీయే. మన లోపలి తగువును కప్పిపెట్టి బయటికి పండగ మాత్రమే చూపించలేదు.

ఆ పుస్తకం చదువుతూ సిగ్గుపడ్డాం. ఇరవై ఏళ్ళుగా ప్రతి మొహర్రంకూ మేము రాసే వార్త ఒకటే. ‘మత సామరస్యానికి ప్రతీక పీర్ల పండుగ’. ఏడాది మారుతుంది, ఫోటో మారుతుంది, శీర్షిక మారదు. ఒక ఏడాది ఆ వార్త రాసిన వారంలోనే పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కున్నాం. మూడుచోట్ల పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగా ఉంది. పేరు చెప్పాక “ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చినాం” అన్నారు. అది వార్త అని మాకు తోచలేదు. గుండం చుట్టూ కలిసి తిరగడం నిజం. ఇల్లు ఇవ్వకపోవడమూ నిజం. ఒకటి రాసి రెండోది మింగినవాళ్ళం మేమే. కథకులను, చరిత్రకారులను ఇంతసేపు విమర్శించినవాళ్ళం ఈ లెక్క కూడా ఒప్పుకోవాలి.

మా ‘మేము’ మాత్రం అంత శుద్ధమా? దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఉర్దూ రాదని వాళ్ళను తక్కువ చూసిన పెళ్ళిళ్ళు మాకు తెలుసు. సర్కారు లెక్కలో వాళ్ళు బి.సి.-బి, మన లెక్కలో సగం సాయిబులు. స్త్రీల మాటైతే షాజహానా ‘నఖాబ్’ (2005) వచ్చాక గానీ చాలామంది చెవిన పడలేదు. బయటివాళ్ళను ‘మనం’లోకి రానిమ్మని అడిగే ముందు, లోపలివాళ్ళను ‘మేము’లోకి రానిచ్చామా?

చివరికి అమ్మీ దగ్గరే ఒక మాట దొరికింది. కితాబీ ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే అన్నాం. కానీ మా ఇళ్ళల్లో మాట్లాడేది కితాబీ ఉర్దూ కాదు, దక్కనీ. అందులో ‘హమే’ ఉంది, ‘అపన్’ ఉంది. ‘హమే’ అంటే మేము. ‘అపన్’ అంటే మనం. ‘అపన్ ఖాయింగే’ అంటే నువ్వూ నేనూ కలిసి తింటామని. హైదరాబాద్, లక్నో పండితులు నవ్విన మోటుభాష ఇది. మేము కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో నోట్లోంచి ఇది జారకుండా జాగ్రత్తపడ్డాం. తెలుగువాడు ‘మనం’ అని ఎవరిని కలుపుకుంటాడో అలాగే కలుపుకునే మాట మా పొయ్యి దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఆ భాషలో మాట్లాడే మనుషులతో నిండిన కథలు, వ్యాసాలు ఇంకా చాలినన్ని రాలేదు. రావలసింది అదే.

పుస్తకాలు సంచీలో సర్దుతుంటే పక్కింటి అవ్వ మళ్ళీ వచ్చింది. దర్జీ కథ ఉన్న పుస్తకం ఇచ్చిపొమ్మంది. ఆమెకు చదువు రాదు. బెంగళూరు నుంచి కొడుకు వచ్చినప్పుడు చదివించుకుంటుందట. ఇచ్చేశాం. ‘జుమ్మా’ కూడా దాని కిందే పెట్టి ఇచ్చాం.