వేటగాడు లేని వేట

చైత్రమాసంలో అరకు, పాడేరు వైపు బయల్దేరిన విశాఖ వాళ్ళకు దారి పొడవునా కర్ర అడ్డం పెట్టి ‘పజోరు’ అడిగే ఆడవాళ్ళు ఎదురవుతారు. పదో ఇరవయ్యో చేతిలో పెట్టి, ఓ ఫోటో తీసుకుని, కారు ముందుకు పోనిస్తాం. ఆ ఊళ్ళలో మగవాళ్ళు ఏమయ్యారని అడిగేవాళ్ళు తక్కువ. ఆ రోజుల్లో అక్కడ జరిగే ఇటుకల పండుగ విత్తనాల పండుగే కాదు, వేట పండుగ కూడా. మగవాళ్ళు అడవిలో ఉంటారు, లేదా ఉండేవాళ్ళు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ చైత్రపు వేట ఉంది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళను ఆడవాళ్ళు పేడముద్దలతో కొట్టేవారట. పేడముద్దల సంగతి నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, అందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ వేటలో ఎవరు వెళ్ళారో, ఏం తెచ్చారో, ఎవరి గురి తప్పిందో ఊరందరికీ తెలుసు. వేటకు ఏ ఆయుధం మంచిదన్న చర్చ ఎక్కడ మొదలైనా తూటా బరువు దగ్గరో, దుర్భిణి ధర దగ్గరో తేలుతుంది. నా లెక్క వేరు. జంతువు ప్రాణం పోయేటప్పుడు మనిషి దానికి ఎంత దగ్గరలో ఉండాలి, ఆ చావుకు ఎంత జవాబుదారీ కావాలి అన్నదే ఆయుధానికి అసలు కొలత.

విల్లు పట్టినవాడు దుప్పికి పాతిక ముప్పై గజాల లోపలికి పోవాలి. గాలి ఎటు వీస్తోందో, ఎండుటాకు ఎక్కడుందో తెలియనివాడికి అది కుదరదు. నాటు తుపాకీ గొట్టంలో మందు పోసి, పీలిక కూరి, గుళ్ళు దించితే దక్కేది ఒక్క దెబ్బ. మళ్ళీ నింపేలోగా కణుజు కొండ దాటేస్తుంది. పన్నెండు బోరు తుపాకీ రవ్వలు నలభై గజాలు దాటితే చెదిరిపోతాయి. రైఫిల్ సంగతి వేరు. సైన్యం వాడే 303 బోరు పౌరులకు నిషిద్ధం కాబట్టి మన ఆయుధ కర్మాగారాలు 315 బోరు స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారు చేసి అమ్ముతున్నాయి. అది వందల గజాల అవతల జంతువును పడగొడుతుంది, గురి తప్పితే మైళ్ళకొద్దీ పోతుంది. చింతపల్లి, అనంతగిరి వాలుల్లో పొద అడ్డం రాకుండా వంద గజాలు కనబడే చోటు దొరకడమే గగనం. అక్కడ పెద్ద రైఫిల్, దాని మీద దుర్భిణి ఆడంబరమే. మైదానంలో చూపు ఆనుతుంది నిజమే, కాకపోతే చెరకు తోట అవతల ఇంకో ఊరుంటుంది. పాతకాలపు వాళ్ళు మంచె కట్టుకున్నది జంతువుకు కనబడకుండా ఉండడానికని అనుకుంటాం. పైనుంచి కిందికి కాల్చిన తూటా తప్పినా నేలలోనే దిగుతుందన్న లాభం కూడా అందులో ఉంది.

ఈ కొలతతో చూస్తే మన రాజుల వేట పేరుకే గొప్ప. జంతువును తోలుకొచ్చేది కూలీలు, జాడ తీసేది కొండవాళ్ళు, మంచె మీద కూర్చుని మీట నొక్కేది దొరగారు. విజయనగరం సంస్థానంలో పెంపుడు చీతాలతో కూడా వేటాడించేవారు. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఇర్విన్‌ను అలాంటి చీతాయే చంపింది. మనిషిని చీతా చంపిన ఘటనలు చరిత్రలో చాలా అరుదు, వాటిలో ఒకటి మన జిల్లాదే. అదే వంశంలో పుట్టి, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ తాను 300కు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకున్నాడు. అంత పెద్ద అంకె చెప్పుకోగలిగింది ఒక్కో పులికి ఆయన పడాల్సిన శ్రమ అంత తక్కువ కాబట్టే. ఒకప్పుడు ఆ సంస్థానం అధీనంలోనే ఉన్న కంబాలకొండ 2002 నుంచి అభయారణ్యం. ఇవాళ నగరం అంచునే దుప్పులు మేస్తున్నాయి.

వేటను నిషేధించని దేశం ఆయుధం సంగతిని ఎలా తేల్చుకుందో చూద్దాం. అమెరికాలో గత శతాబ్దం మొదట్లో దుప్పులూ అడవి టర్కీ కోళ్ళూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం సంతకోసం సాగిన వేట. అడవి మాంసం అమ్మకాన్ని ఆపారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చి, రైఫిళ్ళ మీదా తూటాల మీదా వసూలయ్యే 11 శాతం సుంకాన్ని నేరుగా జంతు సంరక్షణకు మళ్ళించారు. ఇవాళ అక్కడ టర్కీ కోళ్ళు లక్షల్లో, దుప్పులు కోట్లలో ఉన్నాయి. అంతకన్నా నాకు ఆసక్తి కలిగించేది ఆయుధం మీద వాళ్ళు పెట్టుకున్న హద్దు. టర్కీ వేటకు చాలా రాష్ట్రాల్లో రైఫిల్ పనికిరాదు, తుపాకీ అయితే రవ్వలదే పట్టాలి. పెట్టలా కూత పెట్టి పుంజును నలభై గజాల్లోకి రప్పించుకోలేనివాడు ఇంటికి పోవాల్సిందే. ఇల్లినాయ్‌లో దుప్పి వేటకు సైతం తరతరాలుగా రైఫిల్ ఒప్పుకోలేదు. ఈమధ్య ఇచ్చిన సడలింపు కూడా తక్కువ దూరం పోయే కొన్ని తూటాలకే. తుపాకీ అంటే ప్రాణం పెట్టే దేశం కూడా వేట దగ్గరికి వచ్చేసరికి చేతికి పగ్గం వేసుకుంది.

మనకూ అలాంటి పగ్గం ఉండేదని చాలామంది మరిచిపోయారు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదట లైసెన్సు వేటకు చోటుంది. దుప్పి, కణుజు, కొండగొర్రె, అడవి పంది పెద్ద వేట జంతువుల పట్టికలో ఉండేవి. వాటిని రైఫిల్‌తోనే కొట్టాలి, రవ్వల తుపాకీ వాడాలంటే ఒంటి గుండుతో, అదీ ప్రత్యేక అనుమతితో. పొద్దు గుంకాక కొట్టకూడదు, లైటు వేయకూడదు, నీటిగుంట దగ్గర కాపు వేయకూడదు. 1991 సవరణతో వేట మొత్తం నిషిద్ధమైంది. ఆ నిషేధం సరైనదేనని నా అభిప్రాయం. కానీ దానితోపాటు ‘ఎలా’ అన్న ప్రశ్న కూడా చట్టం నుంచి జారిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసీలకు సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూనే వేటను పేరు పెట్టి మినహాయించింది. ఇక ఆయుధాల చట్టాలకు జంతువుల గొడవ ఎప్పుడూ లేదు. 1878 చట్టం పుట్టింది ప్రజలంటే భయంతో. ఆ భయం ఎందుకో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను తుపాకుల్ని అల్లూరి సీతారామరాజు ఎత్తుకుపోయినప్పుడు తెల్లదొరలకు తెలిసొచ్చింది. నాటు తుపాకీని మన పోలీసులు ఇప్పటికీ ఆ కంటితోనే చూస్తారు. విచిత్రమేమంటే, పంట కాపలాకు గొట్టంలో మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 చట్టం 13వ సెక్షన్‌లో ఇప్పటికీ ఉంది.

ఇంతకూ వేట ఆగిందా? ఆయుధం మారింది, అంతే. మోటారు కనెక్షన్ నుంచో, ఏకంగా పై లైనుకు కొక్కెం తగిలించో పొలం గట్టున మోకాలెత్తున ఇనుప తీగ లాగి, రాత్రి కరెంటు వదిలి ఇంటికెళ్ళి పడుకుంటారు. దానికి గురి అక్కర్లేదు, గాలి వాటం తెలియక్కర్లేదు. పంది వస్తే పంది, పొరుగింటి ఆవు వస్తే ఆవు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలోని భూపాలపల్లి జిల్లాలో కూంబింగ్‌కు వెళ్ళిన గ్రేహౌండ్స్ కమెండో జంతువుల కోసం పెట్టిన తీగ తగిలి చనిపోయాడు. నీళ్ళు పెట్టడానికి చీకట్లో పొలానికెళ్ళి ఇలాగే పోయిన రైతుల కబురు జిల్లా పేజీల మూలల్లో వస్తూనే ఉంటుంది. పిండిలో చుట్టిన నాటుబాంబు, వైరు ఉచ్చు కూడా ఈ కోవవే. పంది నోట్లో బాంబు పేలేవేళకు దాన్ని పెట్టినవాడు ఏ సంతలోనో ఉంటాడు. నా కొలతలో వీటికన్నా హీనమైన ఆయుధం లేదు. చావు ఉంది, దాన్ని చూసిన కన్ను లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది బరువైనదే. దగ్గరితనం గొప్పదంటున్నారు సరే, నాటు తుపాకీ దెబ్బ తిన్న దుప్పి చావక మూడు రోజులు ఈడ్చుకుంటూ తిరగడం మాటేమిటి, రైఫిల్ అయితే ఒక్క దెబ్బతో పోదా అని. నిజమే. ఇనుప ముక్కలు కూరిన తుపాకీ క్రూరమైనదే, దాన్ని నేను వెనకేసుకురావడం లేదు. అయితే ఒక్క దెబ్బతో పోవడం తుపాకీ ఒక్కదాని చలవ కాదు. కాల్చినవాడు తన గురి ఎంత దూరం నిలుస్తుందో తెలిసినవాడై, అది దాటితే వేలు తీసేసేవాడై ఉండాలి. పంటల మీద పడే పందుల్ని అనుమతితో కొట్టాల్సి వస్తే ఆ పని శిక్షణ ఉన్న కొద్దిమందికి అప్పగించాలి. కేరళ 2022లో ఆ అనుమతి అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల చేతికిచ్చింది. వాళ్ళకు రైఫిలా, ఒంటి గుండు పన్నెండు బోరా అన్నది నేలను బట్టి తేల్చుకునే సంగతి. రెండో ఆక్షేపణ, ఇదంతా దొడ్డిదారిన వేటను తెరవడమేనని. వినోదం కోసం వేట తెరవమని నేను అనడం లేదు. తీగను మాత్రం వేటగా గుర్తించి, వేట మీద పెట్టినంత కాపలా దాని మీదా పెట్టమంటున్నాను.

ఆ కాపలా అటవీశాఖ ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. భూమిలోకి కరెంటు లీకవగానే తెగిపోయే బ్రేకర్ మన ఇళ్ళ గీజర్ల దగ్గర ఉంటుంది. దాన్ని వ్యవసాయ కనెక్షన్లకు తప్పనిసరి చేస్తే మోటారు నుంచి లాగిన తీగ జంతువును తాకిన క్షణంలోనే చల్లబడుతుంది. కొక్కెం వేసి లాగే తీగలకు రాత్రి గస్తీ తప్ప మందు లేదు. మరి పంట మాటేమిటంటే, సోలార్ కంచె ఉంది. అందులో వేల వోల్టులున్నా కరెంటు సెకనుకు ఒక్కసారి, రెప్పపాటుకన్నా ఎంతో తక్కువసేపు పోతుంది. పంది అదిరిపడి వెనక్కి తిరుగుతుంది, బతికే ఉంటుంది. చింతపల్లిలో చిన్న రైతుకు ఆ కంచె ఖరీదు భారమే. రాయితీ అడగాల్సింది దానికి.