సంత, పంక్తి: అజరయ్య ఎడింబరో ప్రసంగంపై ఒక పరిశీలన

కృష్ణగిరికి సమీపంలోని కుందారపల్లిలో శుక్రవారం సంత జరుగుతుంది. మేకలూ గొర్రెలూ అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఆంధ్ర, కర్ణాటకల నుంచి కూడా వస్తారు. బేరం తెలుగులో మొదలై తమిళంలో సాగి కన్నడంలో తెగినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఎదుటివాడి భాషలో నాలుగు మాటలు వస్తే చాలు, సరుకు చేతులు మారుతుంది. అయితే సంతలో మాట కలిపినవాళ్లందరూ ఇంటి పంక్తిలో పక్కపక్కన కూర్చుంటారా అన్నది వేరే ప్రశ్న. పని కలిసి చేయడానికీ, కలిసి బతకడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్నే 1910 జూన్‌లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో ఒక తమిళుడు ప్రపంచ క్రైస్తవ మిషనరీల సభ ముందు పెట్టారు. ఆయన అప్పటికే తెలుగు పల్లెల్లో పనిచేస్తున్నారు. ఆ ప్రసంగాన్ని తెలుగు విద్యార్థులు, ముఖ్యంగా రెండు మూడు భాషల నడుమ పెరిగిన విద్యార్థులు, ఎలా చదవాలో సూచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళైలో జన్మించారు. తండ్రి గ్రామ క్రైస్తవ గురువు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించుకున్నారు. దానికి మూలపురుషుల్లో అజరయ్య ఒకరు. ఆ సంఘం తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. 1909లో అజరయ్య స్వయంగా అక్కడికి తరలి వెళ్లారు. మరుసటి ఏడే ఎడింబరో సభ. ప్రతినిధులు 1200 మందికి పైగా ఉంటే, అందులో ఆసియా వారు 20 మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకరిగా ఆయన వేదిక ఎక్కారు.

ఆయనకు ఇచ్చిన విషయం విదేశీ మిషనరీలకూ స్థానిక సేవకులకూ మధ్య సహకారం. అజరయ్య ఆ విషయంతో ఆగలేదు. పదేళ్లుగా దేశంలో తిరిగి చూసినవాడిగా మాట్లాడుతూ, ఇరుపక్షాల మధ్య మనసు విప్పి మాట్లాడుకునే చనువు లేదని, దగ్గర దగ్గరగా పనిచేస్తూ కూడా దూరదూరంగానే ఉంటున్నారని చెప్పారు. లోపం పనిలో ఉందని ఆయన అనలేదు. లోపం సంబంధంలో ఉందన్నారు.

ప్రసంగ నిర్మాణంలో రెండు సంగతులు గమనించదగ్గవి. మొదటిది, ఐక్యత ఎందుకు కావాలో ఆయన చెప్పిన కారణం. క్రీస్తు మహిమ ఎంతటిదో ఇంగ్లీషువారికి గాని, అమెరికావారికి గాని విడిగా బోధపడదు. చైనావారికి, జపానువారికి, భారతీయులకు కూడా విడిగా బోధపడదు. అందరూ కలిస్తేనే అది పూర్తిగా తెలుస్తుంది. ఇది దయ చూపమని చేసిన విన్నపం కాదు. ఎదుటివాడు లేకపోతే నా ఎరుకే అసంపూర్ణం అనే వాదన. వినయానికి ఇంతకంటే గట్టి పునాది దొరకదు. రెండవది, ముగింపు. త్యాగం, దానధర్మం ఎంత ఉన్నా ప్రేమ లేకపోతే వ్యర్థమని కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పిన మాటలను ఆయన కొలబద్దగా తీసుకున్నారు. మీరు దానం చేశారు, ప్రాణాలర్పించారు, అందుకు కృతజ్ఞులం అని ఒప్పుకొని, ఇక మాకు స్నేహితులను ఇవ్వండని కోరారు. శ్రోతల సొంత గ్రంథంతోనే శ్రోతలను కొలిచారు కనుక ఆ మాటను తోసిపుచ్చడం వారికి సులభం కాలేదు. కొందరు నొచ్చుకున్నారు కూడా.

ఈ ‘స్నేహితుడు’ అనే మాటను తెలుగులో పెట్టి చూస్తే దాని బరువు తెలుస్తుంది. మన పల్లెల్లో తెల్ల మిషనరీకి వాడుక మాట ‘దొర’, ఆయన భార్య ‘దొరసాని’. కలెక్టరూ దొరే, ఆనకట్ట కట్టిన ఇంజనీరూ దొరే. తెలంగాణలోనైతే వెట్టి చేయించుకునే భూస్వామి కూడా దొరే. బడి పెట్టిన దయామయుడినీ, పంట లాక్కున్నవాడినీ ఒకే మాటతో పిలవవలసి వచ్చిన భాష అది. దొర మంచివాడు కావచ్చు, చెడ్డవాడు కావచ్చు. ఎలాంటివాడైనా పక్కన కూర్చునేవాడు మాత్రం కాడు. అజరయ్య అడిగింది మంచి దొరలను కాదు. దొరతనం లేని సంబంధాన్ని అడిగారు.

ఈ ప్రసంగాన్ని సాధారణంగా తెల్లవారి అహంకారంపై ఆసియా వాసి చేసిన ఫిర్యాదుగా చదువుతారు. ఆ పఠనం తప్పు కాదు గాని చాలదు. అజరయ్య డోర్నకల్‌లో తానే పరాయివాడు. ఆయన భాష వేరు, కులం వేరు, ఊరు వందల మైళ్ల దూరం. తెలుగు మాలమాదిగలకు ఆయన కూడా బయటి నుంచి వచ్చి బోధించే పెద్దమనిషే. ఎడింబరోలో తెల్లవారిని అడిగిన ప్రశ్న డోర్నకల్‌లో తిరిగి ఆయననే అడుగుతుంది. కనుక ఆ ప్రసంగానికి సరైన వ్యాఖ్యానం తరువాతి 35 ఏళ్ల డోర్నకల్ జీవితంలోనే వెతకాలి.

ఆ జీవితంలో మొదటి మెట్టు భాష. ఆయన తెలుగు నేర్చుకున్నారు, తెలుగులో బోధించారు, ఎడ్లబండి మీదా సైకిలు మీదా ఊళ్లు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన తరువాత కూడా ఈ తిరుగుడు ఆగలేదు. రెండవ మెట్టు పాట. తెలుగు క్రైస్తవులకు అప్పటికే పురుషోత్తమ చౌధరి (1803-1890) కీర్తనల సంపద ఉంది. కర్ణాటక రాగతాళాల్లో నడిచే ఆ కీర్తనలు ఇంగ్లీషు పాటల అనువాదాలకంటే మన చెవికి దగ్గరివి. డోర్నకల్ ఆరాధనలో దేశీయ బాణీలకు, పల్లె ఆటపాటలకు, పంట పండుగలకు చోటు దొరికింది. మూడవది కట్టడం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథెడ్రల్‌లో దేవాలయ మంటపాన్ని తలపించే స్తంభాలున్నాయి, మసీదును తలపించే గుమ్మటాలూ మినార్లూ ఉన్నాయి. వచ్చినవాడు ఊరి రూపాన్ని తీసుకోవాలన్న పట్టుదల ఆ రాళ్లలో కనిపిస్తుంది. నాలుగవది అన్నింటికంటే ముఖ్యం. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ, చదువు రాని కూలీ అయినా, తానూ బోధించవలసినవాడినే అని ప్రమాణం చేసే పద్ధతి పెట్టారు. పుచ్చుకునే చేయిని ఇచ్చే చేయిగా మార్చడం అది.

అయినా అజరయ్యను ఆదర్శమూర్తిగా నిలబెట్టి ఊరుకోవడం విమర్శ అనిపించుకోదు. బిషప్పు పదవి అధికార పీఠం. ఆ సంఘంలో ఏ ఆచారం నిలవాలో ఏది పోవాలో తేల్చినవారు పైవారే. మాల, మాదిగల మధ్య ఎడం బాప్తిస్మంతో మాసిపోలేదు. 1930లలో సామూహిక మతాంతరాలపై గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చింది. ఆ వాదంలో ఇద్దరు పెద్దల మాటలూ నమోదయ్యాయి. ఎవరి గురించి వాదించుకున్నారో ఆ పల్లెజనం మాట మాత్రం చాలా తక్కువగా దొరుకుతుంది. స్నేహాన్ని అడిగిన ప్రసంగం ఉంది. ఆ స్నేహం తమకు అందిందో లేదో డోర్నకల్ మాదిగ స్త్రీ చెప్పిన ప్రసంగం మన గ్రంథాలయాల్లో లేదు.

ఆ ఖాళీని కొంతవరకు పూరించినవారు గుర్రం జాషువ. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో అంటరానివాడు తన గోడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. అతను అడిగేది దానం కాదు, తన మాట వినే చెవి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి సంస్కృత కావ్యాలు చదివినందుకు ఒకవైపు, అంటరాని కులంలో పుట్టినందుకు మరొకవైపు జాషువ తిరస్కారం చవిచూశారు. అజరయ్య ప్రసంగాన్నీ ‘గబ్బిలా’న్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి స్పష్టమవుతుంది. పంక్తిలో చోటు అడిగినవాడు, తన పక్కన ఇంకా ఎవరు నిలబడే ఉన్నారో చూసుకోవాలి.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సంఘాల ఐక్యత కోసం ఆయన పడిన శ్రమ 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ క్రైస్తవులు అందులో ఒకటయ్యారు. సంస్థగా ఒకటి కావడం, స్నేహితులు కావడం రెండూ ఒకటేనా అన్న 1910 నాటి ప్రశ్న ఇప్పటికీ మిగిలే ఉంది.

హోసూరు, కృష్ణగిరి విద్యార్థులకు ఈ ప్రశ్న పుస్తకాలలోది మాత్రమే కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006 చట్టం తరువాత ఆ బడి తమిళం తప్పనిసరి అయింది. చట్టం వల్ల నేర్చుకున్న భాషకూ, పక్కవాడి మీద గౌరవంతో నేర్చుకున్న భాషకూ తేడా ఎంతో వారికి బాగా తెలుసు. ఒక తమిళుడు ఎవరూ బలవంతపెట్టకుండా తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెలోనే తనువు చాలించిన కథను తూచగల త్రాసు వారి దగ్గరే ఉంది. వారు చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. తమ చుట్టూ ఉన్న క్రైస్తవ కుటుంబాల్లో ముసలివారు పాడుకునే పాటలు, అయ్యగార్లను గురించి చెప్పుకునే కథలు సేకరించాలి. ప్రసంగం చేసినవారి మాట మనకు దొరికింది. విన్నవారి మాట ఇంకా సేకరించవలసి ఉంది.