డాలీ పార్టన్ పాట ఎవరితో మాట్లాడుతుంది?

మొగుడి మనసు ఇంకో ఆడదాని వైపు తిరిగింది. దాని మీద పాట కట్టాలి. మామూలుగా అయితే భార్య మొగుణ్ని నిలదీస్తుంది. లేదంటే ఆ రెండో ఆమెను దుమ్మెత్తిపోస్తుంది. అదీ కాకపోతే తన రాత ఇంతేనని ఒక మూల కూర్చుని ఏడుస్తుంది. అమెరికన్ కంట్రీ సంగీతంలో ఈ మూడు రకాల పాటలకూ కొదవ లేదు. 1968లో గాయని లొరెటా లిన్ అయితే పిడికిలి బిగించే పాడింది. 1973లో డాలీ పార్టన్ ఈ మూడు దారులూ వదిలేసి, నేరుగా ఆ రెండో ఆమె గుమ్మంలోకే వెళ్లి బతిమాలింది. ఆ పాట ‘జోలీన్’.

డాలీ పాటల్లో బాగా జనంలోకి వెళ్లినవాటిని మళ్లీ మళ్లీ వింటుంటే నాకు అర్థమైనది ఇదే. ఏం చెప్పాలన్నదానికన్నా ముందు, ఎవరితో చెప్పాలన్నది ఆవిడ తేల్చుకుంటుంది. ఆ మనిషి కుదిరాక మిగతా మాటలు వాటంతటవే తేలికవుతాయి. పెద్ద పదాలతో పని ఉండదు.

‘జోలీన్’ చరణం మొదలుకాక ముందే పల్లవి వస్తుంది. పల్లవి అంటే దాదాపు ఆ పేరే. వరుసగా నాలుగుసార్లు పిలుస్తుంది, మళ్లీ నాలుగుసార్లు. మొదటి మూడు పిలుపులూ ఒక్కో మెట్టు పైకెక్కుతాయి. నాలుగోది సాగుతుంది. తలుపు తట్టినా పలక్కపోతే, గొంతు పెంచి మళ్లీ పిలుస్తామే, అలా. పాట పూర్తయ్యేసరికి ఆ పేరు ముప్పైసార్ల దాకా వినిపిస్తుంది. ఇన్నిసార్లు ఒకే మాట వాడితే పాట చచ్చిపోవాలి. ఇది చావలేదు సరికదా, ప్రతిసారీ కొత్త భయంతో వస్తుంది.

ఎందుకో చరణాల్లో తెలుస్తుంది. ఆ భార్య ఎదుటి ఆమె జుట్టును పొగుడుతుంది, చర్మాన్ని పొగుడుతుంది, కళ్లను, నవ్వును, గొంతును పొగుడుతుంది. మన ప్రబంధాల్లో ఇలాంటి ఆపాదమస్తక వర్ణన కవి చేస్తాడు, లేదా మోహంలో పడ్డ నాయకుడు చేస్తాడు. ఇక్కడ చేస్తున్నది ఓడిపోతానని భయపడుతున్న భార్య. తన మొగుడి కళ్లతో ఆమెను చూస్తోంది. అందుకే ఒక్కో పొగడ్తా ఒక్కో ఓటమిలా వినిపిస్తుంది. మొగుడికి ఈ పాటలో పేరు లేదు, ముఖం లేదు, సంజాయిషీ లేదు. ఆయన గురించి మనకు దక్కే కబురు ఒక్కటే: నిద్రలో ఆమె పేరు పలవరిస్తున్నాడు. అది విన్నాక వెనక్కి తిరిగి పల్లవి వినండి. మనం ఇందాకటి నుంచి వింటున్న ఆ పేరే, ఆ ఇల్లాలు రాత్రుళ్లు చీకట్లో వింటున్న పేరు కూడా.

గొంతు రాకముందే గిటారు వస్తుంది. తీగల్ని వేళ్లతో ఒక్కొక్కటిగా మీటే పద్ధతి అది, ఎక్కడా ఆగదు. తిరిగిన చోటే తిరిగే ఆలోచనలా గిర్రున తిరుగుతూ ఉంటుంది. స్వరాలది మైనర్ ఛాయ. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుంచి వలస వచ్చినవాళ్లు టెనెసీ కొండల్లోకి తెచ్చుకున్న పాత కథాగేయాల వాసన అందులో ఉంది. డాలీ తల్లి పిల్లలకు పాడి వినిపించిన పాటలు అవే. ఇంతా చేసి ‘జోలీన్’ నిడివి మూడు నిమిషాలు కూడా ఉండదు. జోలీన్ ఏం జవాబు చెప్పిందో మనకు తెలియదు. ఆ జవాబు రాయకపోవడమే ఈ పాటలో నాకు అన్నిటికంటే నచ్చిన పని.

దీని పుట్టుక గురించి డాలీ చాలాసార్లు చెప్పింది. బ్యాంకులో పనిచేసే ఎర్రజుట్టు అమ్మాయి ఒకామె తన భర్త కార్ల్ డీన్‌తో కాస్త చనువుగా ఉండేదట. పేరు మాత్రం ఆమెది కాదు. ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన ఒక చిన్నపిల్ల పేరు చెవికి ఇంపుగా తగిలితే, మరిచిపోకుండా నోట్లో నెమరేసుకుంటూ వెళ్లిందట. అనుభవం ఒకచోటిది, పేరు ఇంకోచోటిది. వాటిని అతికిన చోటు కనబడనివ్వలేదు.

ఆ తర్వాత ఎందరో పాడారు. వైట్ స్ట్రైప్స్ బృందంలో జాక్ వైట్ మగగొంతుతో, మాటలు మార్చకుండానే పాడాడు. అప్పుడూ పాట నిలబడింది. 2024లో బియాన్సే మాటలు మార్చి, బతిమాలడం మాని హెచ్చరించింది. ఆ పాటలో ధైర్యం ఉంది, ఒప్పుకుంటాను. కానీ నా వరకు పాత భయమే గట్టిది. హెచ్చరించే మనిషికి ఇంకా బలం మిగిలి ఉంటుంది. బతిమాలే మనిషి అంతా పోగొట్టుకునే అంచున నిలబడి ఉంటుంది.

డాలీ 1946లో టెనెసీ రాష్ట్రం, సెవియర్ కౌంటీలో పుట్టింది. పన్నెండుమంది పిల్లల్లో నాలుగోది. ఒక్క గది ఉన్న చెక్క ఇల్లు. కాన్పు చేసిన డాక్టరుకు ఫీజుగా తండ్రి మొక్కజొన్న పిండి మూట ఇచ్చాడు. ఆ తండ్రికి చదవడం, రాయడం రాదు. ఆ లేమి నుంచి వచ్చిందే ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’. 1969లో కంట్రీ గాయకుడు పోర్టర్ వ్యాగనర్ బృందంతో బస్సులో ఊళ్లు తిరుగుతుండగా ఈ పాట తట్టింది. చేతిలో కాగితం లేదు. పోర్టర్ సూట్ల డ్రై క్లీనింగ్ రసీదు కనబడితే దాని మీదే రాసేసింది. మెరిసే సూట్ల రసీదు మీద పీలికల కోటు పాట!

కథ చిన్నది. ఎవరో ఇచ్చిన గుడ్డపీలికలు ఇంట్లో ఉన్నాయి. మన ఇళ్లలో అమ్మమ్మలు అలాంటివాటితో బొంత కుట్టేవాళ్లు. ఆ తల్లి కూతురికి కోటు కుట్టింది. కుడుతూ కుడుతూ బైబిల్లో యోసేపు రంగురంగుల అంగీ కథ చెప్పింది. పిల్ల గర్వంగా వేసుకుని బడికి వెళితే తోటివాళ్లు నవ్వారు. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. అమ్మ చెప్పిన కథంతా వాళ్లకు విప్పి చెప్పబోయింది. వాళ్లకు ఎక్కలేదు.

ఇందులో ఎన్ని చెవులున్నాయో చూడండి. తల్లి చెబితే కూతురు విన్నది. కూతురు చెబితే బడి పిల్లలు వినలేదు. ఇన్నేళ్లకు అదే కథను ఆవిడ మనకు చెబుతోంది. బళ్లో విఫలమైన ఆ మాటే పాటై మళ్లీ ప్రయత్నిస్తోంది, ఈసారి మనం వింటున్నాం. ఇంకొక సంగతి ఉంది. అంగీ వల్లే యోసేపు మీద అన్నలకు కన్నుకుట్టి, అతన్ని అమ్మేశారని బైబిలు తెలిసినవాళ్లకు తెలుసు. పాటలో తల్లి ఆ భాగం ఎత్తదు, శుభమే కోరుతుంది. కానీ వినేవాడికి ముందే గుండె గుబేలుమంటుంది. పాట 1971లో వచ్చింది. కంట్రీ పాటల పట్టికలో నాలుగో స్థానం దాకానే వెళ్లింది. అయినా తన పాటల్లో తనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదేనని డాలీ అంటుంది.

1980లో వచ్చిన ‘నైన్ టు ఫైవ్’ వేరే తరహా సరుకు. అదే పేరుతో ఉన్న సినిమాలో నటిస్తూ, షూటింగు విరామాల్లో తన పొడుగాటి అతికింపు గోళ్లను ఒకదానితో ఒకటి ఆడిస్తే టైప్‌రైటర్ చప్పుడు వచ్చింది. ఆ చప్పుడే తాళమైంది. రికార్డులోనూ ఆ గోళ్లు మోగుతాయి. మాటల్లోని పనితనం ఏమిటంటే, పాట ‘నేను’తో మొదలవుతుంది. పొద్దున్నే లేవడం, వంటగది, కాఫీ, అన్నీ తన సొంత గోడు. పల్లవికి వచ్చేసరికి ‘నువ్వు’ అయిపోతుంది. నీ తెలివి వాడుకుని నీకు పేరు రానివ్వరు అంటుంది. ఈ ఒక్క మార్పుతో ఆఫీసులో పక్క కుర్చీ మనిషి భుజం మీద చెయ్యి పడింది. 1981 ఫిబ్రవరిలో అది అమెరికా మొత్తం పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

ఇక ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. 1992లో ‘ద బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడితే 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ గొంతు ఆకాశానికి ఎగిరిన తీరు విన్నవాళ్లకు అదొక మహా ప్రేమగీతం. నిజానికి అది ఒక ఉద్యోగి రాసిన రాజీనామా. 1967లో పోర్టర్ వ్యాగనర్ టీవీ కార్యక్రమంలో చేరిన డాలీ, కొన్నేళ్లకు తన దారి తాను చూసుకోవాలనుకుంది. పోర్టర్ ససేమిరా అన్నాడు. వాదనలు పనిచేయలేదు. ఒక రాత్రి ఇంటికెళ్లి పాట రాసుకుని, మర్నాడు గిటారు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లి ఎదురుగా నిలబడి పాడింది. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడని, వెళ్లనిచ్చాడని ఆవిడే చెబుతుంది.

వెళ్లిపోయే మనిషి దగ్గర ఉండాల్సిన ఫిర్యాదుల చిట్టా ఆ పాటలో లేదు. పల్లవి మొత్తం ఒక్క వాక్యం. ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు. ప్రచురణ హక్కుల్లో సగం ఇవ్వాలని ఆయన మేనేజరు పట్టుబట్టాడు. డాలీ రాత్రంతా ఏడ్చింది గానీ ఇవ్వలేదు. 1974లో ఆవిడ గొంతుతోనే అది కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది, 1982లో మళ్లీ పాడితే మళ్లీ వెళ్లింది.

ఆ 1974 రికార్డు ఒకసారి వినండి. ఎగిరే స్వరాలేమీ ఉండవు. చివరి చరణానికి వచ్చేసరికి పాడటమే మానేసి, నీకు అంతా మంచి జరగాలని మామూలు గొంతుతో మాటల్లో చెబుతుంది. వాద్యాలు వెనక్కి జరుగుతాయి. ఒక గది, ఒక గిటారు, ఎదురుగా కుర్చీలో ఒక మనిషి.