చెట్టు నుంచి తంపర దాకా

శ్రీకాకుళం జిల్లాలో శీతకాలపు పక్షుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే పేరు తేలినీలాపురం. టెక్కలి మండలంలోని ఈ చిన్న గ్రామానికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, అంటే పత్రికలు పెలికాన్లని రాసే పక్షులు, వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్‌లనే గులాబీరంగు రెక్కల కొంగలు చేరుకుని, ఇళ్ల నడుమనున్న పెద్దచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను సాకి, వేసవి ముదిరేలోపు వెళ్లిపోతాయి. చూడవచ్చినవారి కెమెరాలు దాదాపు అన్నీ ఆ చెట్లవైపే తిరిగి ఉంటాయి. కానీ ఆ గూళ్లలోని పిల్లలు తినే చేప చెట్టు మీద దొరకదు. అది కొద్ది కిలోమీటర్ల దూరంలో, సంతబొమ్మాళి మండలం వైపు పరుచుకున్న నౌపడ తంపరల్లో దొరుకుతుంది. చెట్టును మాత్రమే చిత్రించి వెనుదిరిగే ఛాయాగ్రాహకుడు ఆ పక్షుల కథలో సగమే చెప్పినట్టవుతుంది.

తంపర అంటే సముద్రపు పోటునీరూ, ఎగువనుంచి దిగివచ్చే వాననీరూ కలిసి నిలిచే లోతులేని పల్లపు నేల. దాని అంచుల్లోనే నౌపడకు పేరు తెచ్చిన ఉప్పుమడులు ఉన్నాయి. వర్షాకాలం ముగిసి నీరు మెల్లగా తగ్గేకొద్దీ చేపలు మడుగుల్లోకి చేరి చిక్కబడతాయి. పిల్లలను సాకే పక్షులకు ఇంతకు మించిన అదను ఉండదు. వీటిని సైబీరియా పక్షులని పిలవడం చాలాచోట్ల అలవాటే అయినా, ఈ రెండు జాతులూ గూళ్లు కట్టేది దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లోనే. నిజంగా ఉత్తరధ్రువ ప్రాంతాల నుంచి వచ్చేవి ఉప్పుమడుల గట్ల వెంట గబగబా నడిచే చిన్న ఉల్లంకి పిట్టలు. వాటిలో లిటిల్ స్టింట్ బరువు సుమారు 25 గ్రాములు మాత్రమే. అంత చిన్న ప్రాణి వేల కిలోమీటర్లు దాటి వచ్చి బురదలోని పురుగులను ఏరుకుంటుండగా, చూపరులంతా చెట్ల దగ్గరే ఉండిపోవడం విచారకరం.

చెట్టు దగ్గర చేసే పనికీ దాని క్రమశిక్షణ దానికుంది. గూడబాతు సాధారణంగా 3 లేదా 4 గుడ్లు పెడుతుంది. వాటిని పొదగడానికి 30 రోజులకు పైగా పడుతుంది. పిల్లలు 3 నుంచి 5 నెలల వరకు గూడు విడిచి పెద్దగా దూరం పోవు. ఆకలేసిన పిల్ల తల్లి నోట్లోకి, గొంతు లోపలి దాకా తల దూర్చి, కక్కిన చేపను అందుకుంటుంది. ఆ దృశ్యం కోసం చెట్టు కిందికి గుంపుగా చేరితే పెద్దపక్షి లేచిపోతుంది, గుడ్లూ పసికూనలూ కాకులకూ ఎండకూ దక్కుతాయి. అందువల్ల పొడవాటి లెన్సును దూరానికి వాడే సాధనంగానే చూడాలి. దాన్ని చేతపట్టుకుని మరింత దగ్గరకు జరిగేవారు దాని ప్రయోజనాన్నే పోగొట్టుకుంటారు.

గ్రామస్థుల సహనం ఈ పక్షులకు ఆధారమన్నది ఆంధ్రదేశంలో పాత విషయమే. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల గూళ్ల సముదాయాన్ని గుర్తించి లోకానికి తెలియజేశారు. అదీ ఊరి చెట్ల మీద, మనుషుల మధ్య నిలిచినదే. తర్వాతి దశాబ్దాల్లో అది అంతరించింది. ఊరు కాపాడిన చెట్టు కూడా శాశ్వతం కాదని దానివల్ల తెలుస్తుంది.

తంపరలో పని మరో రకంగా ఉంటుంది. పెయింటెడ్ స్టార్క్ వేట కంటితో కాక స్పర్శతో సాగుతుంది: సగం తెరిచిన ముక్కును నీటిలో ముంచి అటూఇటూ ఊపుతూ, ఒక కాలితో బురదను కదిలిస్తూ నడుస్తుంది, చేప ముక్కుకు తగిలీ తగలగానే దవడలు మూతపడతాయి. ఈ వేటకు మోకాలి లోతు నీరు చాలు, నీరు మరీ పెరిగినా ఎండిపోయినా అది సాగదు. కాబట్టి అలాంటి చిత్రంలో పక్షి కాళ్ల దగ్గరి నీటిమట్టం కూడా స్పష్టంగా కనిపించాలి. తెల్లని ఉప్పు మెరుపుకు మోసపోయిన కెమెరా పక్షిని చీకటిగా చూపిస్తుంది గనుక వెలుగు కొలతను కాస్త పెంచుకోవాలి. చెట్టునీడ ముందు తెల్లరెక్క ఉన్నప్పుడు అదే కొలతను తగ్గించుకోవాలి. పొద్దెక్కాక మడుల మీద వేడిగాలి అలలాడి దూరపు చిత్రమంతా చెదిరిపోతుంది కాబట్టి, మంచు విడిన వెంటనే ఉండే తొలి ఘడియలే ఈ పనికి అనువైనవి.

ఈ శ్రమకు అందం ఒక్కటే ఫలం కాదు. సంతబొమ్మాళి మండలంలోని కాకరాపల్లి తంపర భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన రైతులు, మత్స్యకారుల ఉద్యమంలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం ప్రాంతంలో చెట్లను నేలకూల్చింది. 2023 ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలంలోనే ఉన్న మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. నేల ఇంత వేగంగా మారుతున్నచోట, ఏ మడుగులో ఏ నెలలో ఎన్ని పక్షులు మేశాయో చెప్పే చిత్రాలూ రాతలూ లేకపోతే, ఆ మడుగు పక్షులకు అవసరమని రేపు వాదించేవారి చేతిలో ఆధారం ఉండదు. తంపరను బీడుభూమిగా లెక్కగట్టడం సులువయ్యేది అలాంటి ఖాళీలోనే.

అందుచేత తేలినీలాపురం వచ్చే ప్రతి పరిశీలకుడూ ఒక పూటనైనా తంపరకు కేటాయించి, చిత్రంతోపాటు తేదీని, చోటును, పక్షుల సంఖ్యను, నీటి తీరును రాసిపెట్టుకోవడం అవసరం. 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనకు ఇలాంటి స్వచ్ఛంద పరిశీలకుల లెక్కలే ప్రాణం. ఊరివాళ్లు చెట్టును కాపాడి తమ వంతు నెరవేర్చారు. మేతనేలకు సాక్ష్యం పలకడం కెమెరా పట్టినవారి వంతు.