సాంతియాగో యాత్రాగ్రంథము: నిందయు, పదపట్టికయు

స్పెయిను దేశపు వాయవ్యభాగమున సాంతియాగో దె కొంపొస్తేలా అను పురము కలదు. అపొస్తలుడగు యాకోబు సమాధి అచట నున్నదను విశ్వాసముతో మధ్యయుగము మొదలు క్రైస్తవులు ఫ్రాన్సునుండి పిరెనీసు పర్వతములు దాటి, కాలినడకను ఆ స్థలమునకు యాత్ర చేయుచున్నారు. ఈ మార్గమును వర్ణించు గ్రంథములలో ప్రాచీనము, ప్రసిద్ధము నగునది 12వ శతాబ్దినాటి లాటిను సంకలనమగు కాలిక్స్తీను కోశమునందలి ఐదవ భాగము. దానికి రెండవ కలిక్స్తు పోపు పేరు తగిలింపబడినను, కర్త ఫ్రాన్సులోని పోయితూ సీమవాడై యుండునని పండితులు పలువురు తలంచుచున్నారు.

దీనిని భక్తిగ్రంథముగనే చదువువారికి ఏడవ అధ్యాయము ఆశ్చర్యము గొల్పును. పోయితూవారిని వీరులనియు దాతలనియు కొనియాడిన రచయిత, నవార్రా సీమవారిని క్రూరులనియు దురాచారులనియు దూషించెను. వారి మాటలు కుక్కల మొఱుగును తలపించునని గూడ వ్రాసెను. దీనిని స్వదేశాభిమానముగా నెంచి త్రోసివేయుట సులభము. కాని ఆ నిందను వెన్నంటియే ఆతడు వారి బాస్కు పదములు కొన్నింటిని అర్థములతో పొందుపఱచెను. బాస్కు భాషాచరిత్రకు ఇది అమూల్యమైన సాక్ష్యము.

రొట్టె, ద్రాక్షామద్యము, మాంసము, చేప, ఇల్లు, గృహస్వామి, గృహిణి, గోధుమ, నీరు అనువాని పేర్లు ఆ పట్టికలో కలవు. ఇంటికి ఆతడిచ్చిన 'ఎచేయా' అను రూపమున తుది 'ఆ' నిర్దేశప్రత్యయము. నీటికిచ్చిన 'ఉరిక్' అను దానియందు మూలపదము 'ఉర్'. 'ఇక్' అనునది ప్రధానముగా ప్రశ్నయందును, నిషేధమునందును వచ్చు ప్రత్యయము. కావున ఇవి ఏరి కూర్చిన మూలరూపములు కావు. జనుల నోట వాక్యములలో వినిన రూపములని ఊహింపదగును. 'నీరేమైన కలదా' యను ప్రశ్నయో, 'నీరు లేదు' అను ప్రత్యుత్తరమో ఆ చిన్నపదమున నిలిచి యుండవచ్చును.

ఇల్లు, ఇంటి యజమాని, రొట్టె, నీరు: ఇవి దప్పిగొని వాకిట నిలిచినవానికి వలసిన మాటలు. దూషణము రచయిత యభిప్రాయమును తెలుపగా, పట్టిక ఆతని యవసరమును తెలుపుచున్నది. ధనికులైనను దరిద్రులైనను యాత్రికులను ఆదరింపవలెనని కడపటి అధ్యాయమున శాసించిన యాతడే, తాను ఎవరి భాషలో అన్నోదకముల పేర్లు నేర్చెనో వారిని నిందించెను. ఈ వైరుధ్యమే గ్రంథమునకు చారిత్రకమగు విలువ నిచ్చుచున్నది.

యాత్రాగ్రంథములను పరిశోధించువారు రచయిత తీర్పులను ఎత్తి వ్రాయుటతో తృప్తినొందక, దారిలో ఆతడు నేర్చిన మాటలను గూడ పరీక్షింపవలెను. మన యాత్రాచరిత్రలకును ఈ పద్ధతి అనుసరణీయము.