ఎత్తిన బరువును నమ్మని చేతులు

మే నెల సగం దాటిందంటే చిత్తూరు జిల్లాలో ఎవరి నోట విన్నా తోతాపురి మాటే. కార్వేటినగరం కొండల పక్క తోటల్లో కోసిన కాయ ట్రాక్టరెక్కి, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు వరుసలో నిలబడుతుంది. లోపల కాయ గుజ్జవుతుంది, గుజ్జు వేడెక్కి చల్లారి గాలి చొరని సంచిలోకి దిగుతుంది, ఆ సంచి ఇనుప డ్రమ్ములో కూర్చుంటుంది. డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు. నాలుగు డ్రమ్ములు కలిపి ఒక ప్యాలెట్. ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు. ఇంత బరువును నింపేచోటి నుంచి గోదాముకు, గోదాము నుంచి లారీకి మోసేది ఫోర్క్‌లిఫ్ట్. అది మొరాయిస్తే నిండిన డ్రమ్ములు కదలవు, కొత్తవి పెట్టడానికి చోటుండదు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు వేసి 12 చేయాలన్న 2025 సీజన్‌లో గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. అప్పటి కారణం వేరు, పంట మితిమీరి రావడం. కానీ నిలబడ్డ ట్రాక్టర్‌లో కాయ ఎంత త్వరగా మెత్తబడుతుందో ఆ ఏడు అందరూ చూశారు. అందుకే ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్ మెకానిక్‌కు సీజన్ ముందు నెలలే అసలు సీజన్.

కార్వేటినగరం పేరు చెబితే సంగీతం తెలిసినవాళ్లకు వేణుగోపాలుడి మీద పదాలు కట్టిన సారంగపాణి గుర్తొస్తాడు. ఊరు చూసినవాళ్లకు స్కంద పుష్కరిణి, టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లకు డైట్ కాలేజీ గుర్తొస్తాయి. పానాలు పట్టుకునే చేతుల మీద ఎవరూ పదం కట్టలేదు. తూర్పున సత్యవేడు వైపు శ్రీసిటీలో, పడమట గుజ్జు ఫ్యాక్టరీల్లో వందల టన్నులు రోజూ పైకీ కిందికీ కదులుతున్నాయంటే వెనక ఆ చేతులున్నాయి. వాటిలో గొప్పవి ఎలా ఉంటాయో దగ్గర నుంచి చూడటం ఈ వ్యాసం పని.

ముందు బండిని అర్థం చేసుకోవాలి. ముందు చక్రాల ఇరుసు దీనికి ఆధారం. ఇరుసుకు ముందు ఫోర్కుల మీద సరుకు, వెనక ఇనుప దిమ్మెలాంటి కౌంటర్ వెయిట్. మూడు టన్నులు ఎత్తే డీజిల్ బండి తానే నాలుగు టన్నులు దాటి తూగుతుంది. నాలుగు చక్రాలు కనిపిస్తున్నా లెక్కకు మూడే బిందువులు: రెండు ముందు చక్రాలు, వెనక ఇరుసు ఊగే పిన్ను. బండిదీ సరుకుదీ కలిసిన బరువు కేంద్రం ఈ త్రికోణం దాటి బయటికి పోతే బండి బోల్తా. సరుకును ఎత్తేకొద్దీ ఆ కేంద్రం పైకి పోతుంది, మలుపులో పక్కకు పోతుంది. అందుకే బండి మీద కొట్టిన పలకలో ఎన్ని టన్నులో ఒక్కటే రాయరు. ఫోర్కు నిలువు ముఖం నుంచి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో అన్నది కూడా రాస్తారు. ఐదు టన్నుల లోపు బండ్లకు ఆ దూరం సాధారణంగా 500 మి.మీ. ఆ పలక అరిగి అక్షరాలు పోయిన బండి తన దగ్గరికొస్తే, దాన్నే మొదటి లోపంగా రాసుకునే మెకానిక్ మీద నాకు వెంటనే గౌరవం కలుగుతుంది.

ఇంత బరువుతో పనిచేసేవాడికి మొదటి విద్య ఆ బరువును చంపడం. నేను గమనించిన ఒక పెద్ద మేస్త్రీ బండి దగ్గరికి రాగానే పానా తీయడు. బండి చదునైన సిమెంటు నేల మీదే ఉందా చూస్తాడు. ఫోర్కులు నేలకు దించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి తన జేబులో వేసుకుంటాడు. స్టీరింగుకు ‘రిపేరులో ఉంది’ అన్న అట్టముక్క కడతాడు. చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టిస్తాడు. ఇంజను ఆగాక కూడా లీవర్లను నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడిస్తాడు. గొట్టాల్లో దాక్కున్న ఒత్తిడి అప్పుడు గానీ పోదు. ఇదంతా అయ్యేసరికి గట్టిగా పావుగంట. పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్‌కు అది వృథా అనిపిస్తుంది. పని మొత్తంలో చేయి తిరిగినతనమంతా ఆ పావుగంటలోనే ఉందని నా నమ్మకం.

మాస్ట్‌ను, అంటే ఫోర్కులను మోసే నిలువు చట్రాన్ని, పైకెత్తి చేయాల్సిన పని వస్తే ఈ జాగ్రత్త ఇంకో మెట్టు పైకెక్కుతుంది. ఎత్తిన ఫోర్కులను నిలబెట్టేది సిలిండర్‌లోని ఆయిల్. ఆయిల్‌ను ఆపేది ఒక సీలు, ఒక వాల్వు, ఒక రబ్బరు హోసు. వాటిలో ఏది తెగినా టన్ను ఇనుము క్షణంలో కిందికొస్తుంది. కాబట్టి లోపలి మాస్ట్ అడ్డపట్టీకీ బయటి మాస్ట్ అడ్డపట్టీకీ మధ్య గట్టి కర్ర దిమ్మె పెట్టాలి. తర్వాత మాస్ట్‌ను నెమ్మదిగా దించి బరువు ఆ దిమ్మె మీద కూర్చునేలా చేయాలి. ఫోర్కులు తగిలించిన క్యారేజ్‌కు వేరే గొలుసు కట్టాలి. అంటే ఆయిల్ మోస్తున్న బరువును కర్రకు, ఇనుముకు అప్పజెప్పాలి.

“దిమ్మె పెట్టినావా, అబ్బోడా?”

“పెట్నాను మేస్త్రీ.”

“పెట్నానంటే సరిపోదబ్బా, బరువు దానిమీద కూచునిందా? సుత్తితో తట్టి చూడు. కదిల్తే ఇంకా ఆయిల్ మీదనే ఉన్నెట్టు.”

జాకీ విషయంలోనూ ఇదే సూత్రం. జాకీ బరువును ఎత్తుతుందే గానీ దాన్ని మోస్తూ కూర్చోవడం దాని పని కాదు. ఎత్తిన వెంటనే కింద దిమ్మెలు పేర్చి, జాకీని సడలించి, బండి వాటి మీద ఆనాకే చేయి లోపలికి పోవాలి. ఇంకో చోటు ఉంది: మాస్ట్‌కూ డ్రైవర్ ముందున్న రేకుకూ మధ్య సందు. సీటు మీద ఎవరైనా కూర్చుని పొరపాటున లీవర్ తాకితే మాస్ట్ వెనక్కి వాలి ఆ సందు మూసుకుపోతుంది. తాళంచెవి జేబులో ఉండటం ఎంత అవసరమో ఆ సందును చూస్తే అర్థమవుతుంది.

ఇక చెయిన్ల దగ్గర కాసేపు ఆగాలి. ఈ బండిలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది అవే. పిస్టన్ ఒక అడుగు పైకొస్తే ఫోర్కులు రెండడుగులు పైకి పోతాయి. ఆ చమత్కారం చేసేది కప్పీ మీదుగా వంగి వచ్చే పలకల చెయిను. వాడేకొద్దీ అది పొడవవుతుంది. సాగిందని అందరూ అంటారు గానీ ఇనుము సాగదు. పలకల రంధ్రాలు, వాటిలోని పిన్నులు అరిగి, ప్రతి కీలు దగ్గర వెంట్రుకంత సందు ఏర్పడుతుంది. ఆ సందులన్నీ కలిసి పొడవు. కొత్తగా ఉన్నప్పుడు 300 మి.మీ. కొలిచిన ముక్క 309 అయితే, అంటే మూడు శాతం పెరిగితే, చెయిను మార్చాల్సిందే. కొలవడంలోనూ తెలివి ఉంది. చెయిను చివర్లు కప్పీ మీదికి రావు కాబట్టి అక్కడ అరుగుదల ఉండదు. అక్కడ కొలిచినవాడికి చెయిను ఎప్పుడూ కొత్తదిగానే కనిపిస్తుంది. రోజంతా కప్పీ మీద వంగే భాగాన్ని వెతికి, దాన్ని బిగువుగా ఉంచి, అక్కడ టేపు పెట్టాలి.

టేపు చెప్పనివి వేళ్లు చెబుతాయి. పుత్తూరు కట్టు కట్టేవాళ్లు విరిగిన ఎముకను బొటనవేళ్లతో తడిమి తెలుసుకున్నట్టే, మేస్త్రీ రెండు చెయిన్లనూ బొటనవేలితో నొక్కి బిగువు సమానంగా ఉందో లేదో చూస్తాడు. బిగుసుకుపోయిన కీలు, పక్కకు తిరిగిన పిన్ను తల, తుప్పుతో పొడిబారిన పలక ఆ వేళ్లకు దొరికిపోతాయి. గుజ్జు ఫ్యాక్టరీలో తుప్పుకు కరువు లేదు. నేలంతా పులుపు, రోజుకు ఎన్నోసార్లు నీళ్లు కొట్టి కడుగుడు. చాలామంది పైన దళసరిగా గ్రీజు పూసి వదిలేస్తారు. చూడటానికి నల్లగా నిగనిగలాడుతుంది, కీళ్లలోకి మాత్రం పోదు. తెలిసినవాడు చెయిను తుడిచి, పలచటి ఆయిల్ పోసి, అది పిన్నుల దాకా దిగేవరకు మాస్ట్‌ను పైకీ కిందికీ ఆడిస్తాడు. మార్చాల్సివస్తే రెండు చెయిన్లనూ జతగానే మారుస్తాడు. కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన వేస్తే బరువంతా ఒకదాని మీదే పడుతుంది.

ఫోర్కుల పరీక్ష ఇంతకంటే చిన్నదే గానీ లెక్క చక్కనిది. ఫోర్కు మడమ, అంటే అది వంగే మూల, నేలకు రాసుకుని అరుగుతుంది. నిలువు భాగం అరగదు. కాబట్టి క్యాలిపర్‌తో ముందు నిలువు భాగం మందం పట్టి, అదే కొలతతో మడమను చూస్తారు. 40 మి.మీ. ఉండాల్సింది 36 అయితే, పదో వంతు పోయినట్టు, ఆ ఫోర్కు పని అయిపోయింది. పదో వంతే కదా అనుకోవచ్చు. వంగుడును తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.9ని 0.9తో హెచ్చిస్తే 0.81. అంటే బలంలో ఐదో వంతు దాకా పోయింది. పగుళ్లుంటే రంగు పూసి, తుడిచి, పౌడరు చల్లితే ఎర్రటి గీత బయటపడుతుంది.

ఇక్కడే నాకు ఈ వృత్తి మీద అభిమానం పెరిగింది. మన ఊళ్లలో మెకానిక్ గొప్పతనమంటే దేన్నయినా బాగుచేయగలగడం. విరిగిన దానికి వెల్డింగు, అరిగిన దానికి పట్టీ, దొరకని దానికి లేతు. ట్రాక్టర్లు, బోరు మోటార్లు బతికేది ఆ తెలివి వల్లే, దాన్ని తక్కువ చేయను. ఫోర్క్‌లిఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి గొప్ప మెకానిక్‌ను పట్టిచ్చేది, చేయగలిగి కూడా చేయనని చెప్పిన పనుల జాబితా. ఫోర్కుకు వెల్డింగు చేయడు. వేడిచేసి పదును పెట్టిన ఉక్కు అది, వెల్డింగు వేడికి ఆ పదును పోతుంది. చెయినులో ఒక్క లింకు మార్చి సరిపెట్టడు. డ్రైవర్ నెత్తి మీది ఇనుప పందిరికి ఫ్యాను బిగించడానికి రంధ్రం వేయడు. ఇంకో అర టన్ను ఎత్తాలని కౌంటర్ వెయిట్ మీద ఇనుప దిమ్మెలు కట్టనివ్వడు. అసలు వెనక ఇంకొకరు ఎక్కి నిలబడి బరువు వేసే అలవాటును ఏ ఫ్యాక్టరీలో చూసినా ఆయనకు కోపం వస్తుంది. ‘నీకు చేతగాదా’ అని మేనేజర్ అడిగితే నవ్వి ఊరుకోవడానికి ఎంత ఆత్మవిశ్వాసం కావాలో ఆలోచించండి.

ఆయిల్ గొట్టాల్లో ఒత్తిడి వాతావరణ పీడనానికి నూట యాభై రెట్లు, కొన్ని బండ్లలో ఇంకా ఎక్కువ. హోసులో సూది మొనంత చిల్లు పడితే ఆయిల్ కంటికి కనిపించని సన్నటి ధారగా కొడుతుంది. దాన్ని చేత్తో తడిమితే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తు, మొదట పెద్ద నొప్పి కూడా ఉండదు. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోవచ్చు. అందుకే కారే చోటును వెతకడానికి అట్టముక్క వాడతారు. అట్ట మీద తడి గీత ఎక్కడ పడితే చిల్లు అక్కడ.

గాలి టైర్ల బండ్లలో ఇంకో ప్రమాదం దాగి ఉంటుంది. రిమ్ము రెండు ముక్కలు, నట్లు రెండు వరుసలు. ఒక వరుస చక్రాన్ని బండికి పట్టి ఉంచుతుంది, ఇంకో వరుస ఆ రెండు ముక్కలను కలిపి ఉంచుతుంది. గాలి ఉండగా రెండో వరుస విప్పినవాడి మీదికి రిమ్ము ఫిరంగి గుండులా వస్తుంది. వాల్వు పిన్ను పూర్తిగా తీసి, లోపల అడ్డం పడిందేమో తీగతో పొడిచి చూసి, గాలి చప్పుడు ఆగాకే నట్ల జోలికి పోవాలి. మళ్లీ గాలి నింపేది ఇనుప పంజరంలో పెట్టి. రోడ్డు పక్క పంక్చర్ షాపులో ఆ పంజరం లేకపోతే అక్కడ ఈ చక్రం ఇవ్వకూడదు.

బ్యాటరీ బండ్ల సంగతి కొంచెం. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ ఉండటం వల్ల సీసం బ్యాటరీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. కానీ కారు బ్యాటరీ వేరు, ఇది వేరు. 48 వోల్టుల బండిలో 24 సెల్లులు, బరువు టన్ను దాకా ఉండొచ్చు. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. కాబట్టి బ్యాటరీ గది మూత తెరిచి ఉంచాలి, ఉంగరం, గడియారం, మొలతాడులోని వెండి గొలుసు అన్నీ తీసేయాలి. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగు అయ్యాకే పోయాలి. ముందే నింపితే ఆమ్లం పొంగి పొర్లుతుంది. అన్నిటికంటే ఎక్కువగా మరిచేది, ఆ బ్యాటరీ కౌంటర్ వెయిట్‌లో భాగమని. పాతదాని స్థానంలో తేలికైన లిథియం బ్యాటరీ పెట్టి, తగ్గిన బరువును తయారీదారు చెప్పిన పద్ధతిలో పూరించకపోతే బండి ఎత్తే శక్తి తగ్గిపోతుంది. పలక మీద అంకె మాత్రం పాతదే ఉంటుంది.

అసలు ఫోర్క్‌లిఫ్ట్ పుట్టుకలోనే ఒక ఫ్యాక్టరీ అవసరం ఉంది. 1917 ప్రాంతంలో అమెరికాలోని మిషిగన్‌లో, బుకానన్ అనే ఊళ్లో, క్లార్క్ కంపెనీ తన సొంత సరుకు మోసుకోవడానికి ట్రక్‌ట్రాక్టర్ అనే బండి చేసుకుంది. చూడటానికి వచ్చినవాళ్లు మాకూ కావాలన్నారు. మొదటివాటికి బ్రేకులు కూడా లేవు. అక్కడి నుంచి నేటి దాకా చేరిన ప్రతి భద్రతా భాగం వెనక ఎవరో ఒకరి దెబ్బ ఉండే ఉంటుంది. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఎత్తే యంత్రాలకు, చెయిన్లకు ఏడాదికి ఒక్కసారైనా సమర్థుడి చేత క్షుణ్ణంగా పరీక్ష జరగాలంది. ఏడాదికోసారి వచ్చే సంతకం కంటే అవర్ మీటర్‌ను చూసి 250 గంటలకోసారి వచ్చే మెకానిక్ కళ్లను నేను ఎక్కువ నమ్ముతాను.

పని అయ్యాక పరీక్ష. దిమ్మెలు, గొలుసులు, పానాలు అన్నీ లెక్కపెట్టుకుని బయటికి తీస్తారు. ఖాళీ మాస్ట్‌ను పైదాకా ఆడించి సిలిండర్‌లో చిక్కిన గాలి పోగొడతారు. తర్వాత పలకలో రాసినంత బరువు పెట్టి ఎత్తి, ఇంజను ఆపి, చుట్టూ ఎవరినీ రానివ్వకుండా పది నిమిషాలు వదిలేస్తారు. ఆ పది నిమిషాల్లో బరువు 10 సెంటీమీటర్లకు మించి జారితే సీలో వాల్వో ఇంకా లోపల కారుతోందన్నమాట, మళ్లీ విప్పాలి. బ్రేకు, హారను, వెనక్కి వెళ్లేటప్పటి బజరు, సీటు బెల్టు చూస్తారు. బెల్టును డ్రైవర్లు ఇష్టపడరు. బండి ఒరిగితే దూకేయొచ్చని వాళ్ల ధైర్యం. దూకినవాడి మీదే నెత్తి మీది పందిరి పడుతుంది. బెల్టుతో సీటును గట్టిగా పట్టుకుని ఉండిపోయినవాడు బతికే అవకాశం ఎక్కువ. మేస్త్రీ ఈ ముక్క డ్రైవర్‌కు ప్రతిసారీ చెబుతాడు, డ్రైవర్ ప్రతిసారీ తలూపుతాడు.

చివరికి కాగితం. బాగుచేసినవి ఒక వరుస, త్వరలో మార్చాల్సినవి ఇంకో వరుస, మార్చేదాకా బండి తీయకూడనివి మూడో వరుస. మూడో వరుస ఖాళీగా ఉంటే తాళంచెవి జేబులోంచి డ్రైవర్ చేతికి వెళ్తుంది. అందులో ఒక్క మాట ఉన్నా, గేటు బయట ఎన్ని ట్రాక్టర్లున్నా సరే, తాళంచెవి ఆ కాగితంతో పాటు మేనేజర్ బల్ల మీదికి పోతుంది.